ఊ కొట్టే చోటు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. బస్సులో కూడా డ్రైవరు వెనక సీటు దొరికితే తప్ప మనసు నిలవదు. మదనపల్లె నుంచి పుంగనూరుకు పొద్దున మొదటి బస్సులో అమ్మా నేనూ పనికి పోయే రోజుల్లో, అమ్మ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేది. నేను మాత్రం టికెట్టును మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, దిగేలోపు దాన్ని పొడి చేసేదాన్ని. నా మోచెయ్యి తగులుతూ ఉంటే అమ్మ కళ్ళు తెరవకుండానే అనేది, "ఆ సేతులు ఊరికే పెట్టుకోలేవామ్మే?"

నిరుడు ఎండాకాలం ఆ గాభరాకు ఒక కారణం కూడా తోడైంది. పుంగనూరు బయట మేం పనిచేసే పట్టు రీలింగ్ షెడ్డుకు చైనా నుంచి కొత్త మిషను వచ్చింది. అప్పటిదాకా పద్నాలుగు మంది ఆడవాళ్ళు వేడినీళ్ళ తొట్ల ముందు కూర్చుని, ఉడికిన పట్టుగూళ్ళలోంచి దారం కొసను వేళ్ళతో పట్టి లాగేవాళ్ళు. కొత్త మిషనుకు ఆరుగురు చాలు. ఆ ఆరుగురు ఎవరో, మిషను బిగించడానికి వస్తున్న మెకానిక్కే పని చూసి చెప్తాడని యజమాని తేల్చేశాడు. ఆ పద్నాలుగు మందిలో అమ్మ ఒకతె. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమెకు తెలిసిన పని అదొక్కటే. పోతే పోయిందిలే, ఇంట్లో ఉండమని నేనంటే, "ఇంట్లో ఉండి గోడల్తో మాట్లాడేదా?" అంది. నేనేమో ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు ఉండేదాన్ని కాబట్టి నా ఉద్యోగానికి ఢోకా లేదు. అమ్మకు ఆ మిషను దగ్గర చోటు దొరకాలి. ఆ మెకానిక్కు ఉన్న మూడు వారాలూ నాకు వేరే ఆలోచన లేదు.

చిక్కేమిటంటే అమ్మకు చెవులు వినపడవు. ఆ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ కిందట మొదలైంది. ముందు స, ట, క లాంటి సన్నటి శబ్దాలు పోయాయి. తర్వాత మాటలు మాటలుగా వినిపించడం మానేశాయి. గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది, ఎక్కడ ఆగింది, అంతవరకే ఆమెకు అందుతుంది. మదనపల్లెలో డాక్టరు చెవికి పెట్టుకునే మిషను రాసిచ్చాడు. షెడ్డు మోతలో అది పెట్టుకుంటే తల పగిలిపోతుందని, పైగా అందరికీ తెలిసిపోతుందని, అమ్మ దాన్ని బీరువాలో చీరల కింద తోసేసింది.

మరి ఆరేళ్ళు ఎవరికీ ఎలా తెలియలేదంటే, ఎదుటివాళ్ళ పెదాలు చూసి కొంత పట్టేది, మిగతాదంతా ఊ కొట్టడం వల్ల. మన వైపు ఎవరైనా చెప్తుంటే ఊ కొట్టాలి. కథయినా సరే, కష్టమైనా సరే. కొట్టకపోతే చెప్పే మనిషి ఆగిపోయి "ఇంటాండావా?" అని అడుగుతుంది. చిత్తూరు వైపు మాటకు ఒక పద్ధతి ఉంది. "పోతినా... ఆడ సూస్తినా... ఆయమ్మ లేదా..." అంటూ ప్రతి ముక్క చివరా గొంతు ఒక మెట్టు ఎక్కి నిలబడుతుంది, ఊ కోసం. అమ్మ సరిగ్గా ఆ మెట్టు మీద ఊ పెట్టేది. గొంతు బరువెక్కితే ఆమె ఊ కూడా బరువెక్కేది. ఎవరైనా నవ్వుతూ చెప్తే ఊ పొట్టిదై పోయేది. పక్క తొట్టి దగ్గర కూర్చునే ఆమెది పుంగనూరే, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. పెద్దకూతురు ఇష్టపడి పెళ్ళి చేసుకుని తల్లితో మాట్లాడటం మానేసిన బాధంతా ఆమె అమ్మ దగ్గరే పోసుకునేది, సగం తెలుగులో, ఏడుపు వస్తే తన భాషలో. అమ్మకు ఉర్దూ ముక్క రాదు. అయినా రెండింటికీ ఒక్కలాగే ఊ కొట్టేది. ఆమెకు అమ్మ మీద ఎంత గురి అంటే, ఇంట్లో రంజానుకు చేసిన సేమ్యా మొదటి గిన్నె మాకే వచ్చేది.

ఈ ఊ సంగతి నాకు ఇంత వివరంగా తెలియడానికి కుప్పం కారణం. నేను కుప్పంలో భాషాశాస్త్రం చదివాను. తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీకొట్టు దగ్గర కలిసే ఊళ్ళో, మనుషుల మాట ఎలా లేచి ఎలా దిగుతుందో రికార్డు చేసి గీతలు గీస్తూ రెండేళ్ళు తిరిగాను. పరిశోధన సగంలో వదిలేసి వచ్చాను. ఎందుకని అడిగితే చెప్పుకోదగ్గ కారణం లేదు, కూర్చోలేకపోయాను. వినడం వరకు బాగానే చేసేదాన్ని. విన్నదాన్ని వరసగా రాసి ముగించడమే నావల్ల కాలేదు.

మెకానిక్కు వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ పెన్సిలు. కాంటన్ నగరానికి దిగువన, నది పాయల నడుమ ఉన్న పట్టు ఊరు అతనిది. షెడ్డులో అందరూ "చైనాప్ప" అన్నారు. అతనితో మాట్లాడటానికి యజమాని నన్ను పెట్టాడు. అతను తన ఫోనులో వాళ్ళ సర్కారు భాష మాట్లాడితే, ఫోను దాన్ని తెలుగు చేసి చదివేది. "దయచేసి నీటి ఉష్ణోగ్రతను గౌరవించండి" అని ఫోను అనగానే ఆడవాళ్ళు పమిటలు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం అతను ఇంకో మనిషి అయిపోయేవాడు. అప్పుడు మాట్లాడేది వాళ్ళ ఊరి కాంటనీసు. అది ఆ ఫోను అనువాదానికి అస్సలు అందదు. ఒకసారి పెట్టి చూస్తే, భార్యతో అతను మాట్లాడిన నాలుగు మాటలకు ఫోను "ఏనుగు, దుకాణం, క్షమించండి" అంది.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. చాలా ఏళ్ళ తర్వాత నాకు నోట్‌బుక్ కావాలనిపించింది. టీ వేళ అతని ఎదుట కూర్చుని, నోటితో కూనిరాగం తీస్తూ గాలిలో గీత గీసి, ఇదేనా అని అడిగాను. అతనికి తమాషాగా అనిపించింది. సుద్దముక్క తీసి గచ్చు మీద ఆరు గీతలు గీశాడు. తలెత్తు మీద చాచిన గీత ఒకటి. కింద మొదలై పైకి ఎగిరేది ఒకటి. మధ్యలో చదునుగా పోయేది, దానికి కాస్త దిగువన ఇంకొకటి. అడుగునుంచి కొంచెమే లేచేది, దిగజారేది. "సీ" అని నుదుటి ఎత్తున చెయ్యి పెట్టి, మిషను మీది దారం చూపించాడు. అదే "సీ"ని మోకాలి దగ్గరనుంచి కొంచెం లేపితే సంతట. దిగజార్చి అంటే కాలమట. పలికేటప్పుడు అతని గడ్డం కూడా గొంతుతోపాటు లేచి దిగేది.

దిగజారే గీత దగ్గర అతను ఆగాడు. నగరంలో వాళ్ళు దాన్ని నేలబారుగా పడేస్తారట. అతని ఊళ్ళో అది నడుం ఎత్తునుంచి దిగుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. తల అనే మాటను నగరం వాళ్ళు గాలి వదిలి "థౌ" అంటారు, అతని ఊరివాళ్ళు గాలి లేకుండా "తౌ" అంటారు. దానికే నగరంలో నవ్వుతారని ఫోనులో చెప్పి, తానే నవ్వి, సుద్దముక్కతో చెవి గోక్కున్నాడు. కుప్పంలో హాస్టలు మొదటి రోజు నేను "నా పెట్టె ఆడ ఉండాది" అన్నందుకు గుంటూరు వైపు పిల్లలు వారం పాటు నన్ను "ఉండాది" అని పిలిచారు. ఇదంతా ఫోనుకు చెప్పి అతనికి వినిపించాను. అది ఏం అనువదించిందో తెలియదు, అతను నాకు ఒక నారింజ తొనల బిళ్ళ ఇచ్చాడు.

పని నడుస్తుంటే అతను దారం కొసలు గట్టిగా లెక్కబెట్టేవాడు. "యాట్, యీ, సామ్, సేయ్, ంగ్, లుక్, చాట్, పాట్, కౌ, సాప్." ఒకటి, ఆరు, ఏడు, ఎనిమిది, పది, వీటి చివర నోరు టక్కున మూసుకునేది, గాలి బయటికి రాదు. ఐదుకు నోరు తెరవనే తెరవడు, ముక్కుతోనే అనేస్తాడు. వారం తిరిగేసరికి షెడ్డు మొత్తం పట్టుగూళ్ళను చైనా లెక్కలో లెక్కబెట్టడం మొదలుపెట్టింది. ఐదు దగ్గర అందరూ మూలిగినట్టు "ంగ్" అనేవాళ్ళు, ఎవరికో నడుం పట్టేసిందనుకోవాలి.

ఒక్కటి మాత్రం నాకు లొంగలేదు. అతని మాట ఎక్కడ ముగుస్తుందో తెలిసేది కాదు. మనకు వాక్యం మొత్తానికి ఒక లేవడం, ఒక దిగడం. వాళ్ళకు ప్రతి మాటకూ దాని లేవడం, దాని దిగడం. గొంతు కిందికి పడింది కదా అయిపోయిందని నేను నోరు తెరిచేలోపు ఇంకోటి లేస్తుంది. చాలా రోజులకు అర్థమైంది, వాక్యం చివర ఆ, లా, వో అని చిన్న తోక ఒకటి వస్తుంది, మన "ప్పా", "మ్మే" లాగా. ఆ తోక వచ్చేదాకా ఆగాలి. నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో "ఆగాలి" అని రాసుకున్నాను కూడా.

శిక్షణ మొదలైన రోజు అమ్మకు తన తెలివితేటలే ఎసరు పెట్టాయి. చైనాప్ప మిషను పక్కన నిలబడి సర్కారు భాషలో చెప్తూ, చేత్తో చేసి చూపిస్తున్నాడు. మిగతా ఆడవాళ్ళు ఫోను తెలుగులో చదివేదాకా కదలకుండా నిలబడ్డారు. అర్థం కాని భాషకు ఎవరు ఊ కొడతారు? అమ్మకు ఆ ఫోను మాటా ఈ మనిషి మాటా ఒకటే. అందరూ వింటున్నారు, ఒక మనిషి గొంతు లేస్తోంది, దిగుతోంది. కొట్టింది ఊ. అతని మాటకు మధ్యలో, ఒక పేరుకూ దాని క్రియకూ నడుమ, కొట్టింది. మళ్ళీ ఇంకోచోట కొట్టింది. ఆమె ఊ ఎప్పుడూ తప్పు చోట పడటం నేను అంతకుముందు వినలేదు.

చైనాప్ప ఆగాడు. అమ్మ వంక చూశాడు. మళ్ళీ చెప్పడం మొదలుపెట్టి, మాట మధ్యలో గొంతు కావాలని కిందికి దించాడు. అమ్మ అక్కడా ఊ అంది. అప్పుడతను ముఖం గోడవైపు తిప్పుకుని, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఏదో అన్నాడు. అమ్మ ఒక్కతే ఊ అంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆఖరికి అతను నడిచి అమ్మ వెనక్కి వెళ్ళి, బజరు నొక్కాడు. కొత్త మిషనులో దారం తెగితే మోగే బజరు అది, దోమ చెవిలో దూరినట్టు సన్నటి మోత. పదమూడు తలలు గిర్రున తిరిగాయి. అమ్మ మాత్రం అతను ఇందాక నిలబడ్డ చోటికేసి మర్యాదగా చూస్తూ నిలబడింది.

ఆరేళ్ళుగా పక్కన కూర్చున్నవాళ్ళు కనిపెట్టలేనిది అతను పావుగంటలో పట్టేశాడు. అతను అమ్మను చూడలేదు, నన్ను చూశాడు. మిగతావాళ్ళు అదేదో బజరు పరీక్ష అనుకుని తమ పనిలో పడ్డారు.

టీ వేళ అతని దగ్గరికి పోయి ఫోనులో చెప్పాను. "ఆమె మా అమ్మ. ఎవరికీ చెప్పవద్దు." ఫోను చదివింది. అతను తల ఊపి, తన భాషలోనే, నాకు తెలిసిన రెండు మాటలు అన్నాడు, నాకు తెలుసు అని. తెలుసు అంటే ఏం తెలుసు? ఆమె నా తల్లి అని తెలుసా, చెప్పకూడదని తెలుసా? అడగబోతే చేతులకు గ్రీజు ఉందని సైగ చేసి మిషను కిందికి దూరిపోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు నేను మనిషిని కాను. ఆఫీసులో కూర్చుని లేచి, లేచి మళ్ళీ కూర్చుని, ఏదో వంకతో షెడ్డులోకి పోయి అతని ముఖం చూసి వచ్చేదాన్ని. ఉడకబెట్టిన శనక్కాయలు పట్టుకుపోయి ఇచ్చాను. రెండో రోజు మామిడిపండ్లు. అతను తిన్నాడు, బాగున్నాయని బొటనవేలు ఎత్తాడు, ఇంకేం చెప్పలేదు. అమ్మ చెయ్యి మీద మాత్రం అతని కళ్ళు నిలిచేవి. ఉడుకునీళ్ళలో వంద గూళ్ళు కలగాపులగంగా తేలుతుంటే, కొస కోసం అమ్మ వెతకదు. వేలు పెడుతుంది, కొస వస్తుంది. అతను ఒకసారి పక్కనే గొంతుక్కూర్చుని ఆ వేళ్ళనే చాలాసేపు చూశాడు. ఆ చూపుకు నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టాక గాభరా రెండింతలైంది.

యజమాని వచ్చిన రోజు పద్నాలుగు మందీ చేతులు తుడుచుకుని వరసగా నిలబడ్డారు. "ఆరు మందిని సెప్పమను," అన్నాడు యజమాని నాతో. చైనాప్ప ఫోను తీయబోతే నేనే వద్దన్నాను. ఫోను తప్పులు చెప్తుందని, నాకు అర్థమవుతుందని, రెండు వారాలుగా యజమాని దగ్గర గొప్పలు పోయి ఉన్నాను. నిజంగా గొప్ప కోసమే కాదు. నా నోటి గుండా పోతే, పోయేదేదో నా చేతిలో ఉంటుందని నా లెక్క.

అతను పెన్సిలు చూపిస్తూ ఒక్కొక్కరినీ పిలిచాడు. యాట్, యీ, సామ్, సేయ్, ంగ్. ఐదుగురు ముందుకొచ్చారు. ఆరో మనిషి దగ్గర పెన్సిలు అమ్మ పక్కనున్న ఆమె మీద, దక్కనీ ఆమె మీద ఆగింది. ఆగి, అతను అమ్మకేసి తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. చెయ్యి అన్నాడు. బాగుంది అన్నాడు. తర్వాత చెవి అన్నాడు. మా గుట్టు బయటపెట్టేస్తున్నాడనిపించింది. అతని గొంతు నడుం ఎత్తునుంచి కిందికి దిగింది. అయిపోయిందనుకున్నాను. యజమాని వైపు తిరిగి గబగబా చెప్పేశాను.

"ఆరో మనిషి మా అమ్మంట సార్. ఆమె చెయ్యంత చెయ్యి వాళ్ళ ఊళ్ళో కూడా లేదంట."

యజమాని సరేనన్నాడు. దక్కనీ ఆమె తలొంచుకుని, నడుముకు చుట్టుకున్న తడిగుడ్డ ముడి విప్పుకోవడం మొదలుపెట్టింది. చైనాప్ప పెన్సిలు ఇంకా ఆమె వైపే ఉంది. ఎవరూ ఆ పెన్సిలును చూడలేదు, అమ్మ తప్ప.

"ఆయప్ప సూపిచ్చింది నన్ను కాదు గదా," అంది అమ్మ. అవసరానికి మించి గట్టిగా అంది, తన గొంతు తనకు తెలియని మనిషి మాట్లాడినట్టు. "ఆయమ్మను."

"నీ కూతురే గదమ్మా సెప్పింది?" అన్నాడు యజమాని.

అమ్మ ఆయన పెదాలకేసి చూసి, నాకేసి చూసింది. "అది అబద్ధం సెప్తాండాదన్నా. ఏం సెప్పిందో నాకు ఇనపళ్ళేదు. అబద్ధం సెప్పేటప్పుడు దాని గొంతు ఇంతెత్తుకు పోతాది, అది ఇనపడింది." చెవి మీద చెయ్యి పెట్టుకుని, "నాకు సెవులు ఇనపడవన్నా. ఆరేండ్లాయ," అంది.

నాకు భూమిలోకి పోతే బాగుండుననిపించింది. చైనాప్పకు జరిగింది తెలిసిందో లేదో గానీ, ఫోను తీసి, దాని దగ్గరగా నోరు పెట్టి సర్కారు భాషలో నిదానంగా మాట్లాడాడు. ఫోను తన ఎండుకట్టె గొంతుతో చదివింది. "ఆరవ స్థానం ఈ మహిళకు. పక్కనున్న మహిళ చేయి అందరికంటే మంచిది. ఆమెకు బజరు శబ్దం అందదు. నేను ఇంటికి వెళ్ళి దీపం పంపుతాను. దారం తెగితే దీపం వెలుగుతుంది. అప్పుడు ఏడవ స్థానం పెట్టి ఆమెకు ఇవ్వండి. నేను ఇదే చెబుతున్నాను. ఈ అమ్మాయి ఆగలేదు."

యజమాని కోపిష్టి కాడు, అదే పెద్ద బాధ. "దీపమేముందమ్మా, పెట్టుకుందుము," అన్నాడు నాతో. "ముందే సెప్పింటే పెట్టుకుందుము. తల్లి ఆరేండ్లు దాసిపెట్టె. కూతురు నా ముఖం మీదనే అబద్ధం సెప్పె. ఇప్పుడు ఏ నమ్మకంతో కూర్సోబెట్టేది ఆ మిషను ముందర?" అమ్మకు పట్టుగూళ్ళు ఏరే చోట పని చూపించమని చెప్పి వెళ్ళిపోయాడు. అది లోడు వచ్చిన రోజులకే ఉండే పని.

అప్పుడు కదిలింది దక్కనీ ఆమె. అమ్మ ఎదుటికొచ్చి నిలబడింది. "అయితే అక్కా, నేను సెప్పుకున్నదంతా?" అంది. "నా బిడ్డ సంగతి? ఆరేండ్లుగా ఊ అంటివే. ఒక్క మాటన్నా ఇనింటివా?" అమ్మ ఆ పెదాలను పట్టుకోలేకపోయింది, ఏడుపులో అవి వంకర్లు పోతున్నాయి. నేను అమ్మ ముఖానికి ముఖం పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. అమ్మ నా పెదాలు చూసి, "మాట యాడ ఇనపడతాది," అంది మెల్లగా. "నువ్వు బాధపడతాండావని తెలిసేది గదమ్మా. దానికే అంటి ఊ." ఆమెకు అది చాలలేదు. పమిట దోపుకుని విసవిసా మిషను దగ్గరికి పోయింది. తర్వాత వారం రోజులు ఆమె మాకేసి చూడలేదు.

ఆ సాయంత్రం బస్సులో అమ్మ కళ్ళు మూసుకోలేదు. "ఆయమ్మ కడుపు కొట్టి నన్ను కూర్సోబెట్టమని నేను అడిగినానా నిన్ను?" అని ఒక్కసారి అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఇంటికి పోయి ఫోనులో ఆనాటి రికార్డింగు పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ ఆ రోజు కూడా జేబులో రికార్డింగు నడుస్తూనే ఉంది. చెవి అన్న మాట వస్తుంది. గొంతు దిగుతుంది. నా అబద్ధం వస్తుంది. నా గొంతు కింద అతని గొంతు ఇంకా నడుస్తూనే ఉంటుంది, లేచి, దిగి, మళ్ళీ లేచి, చివరకు ఆ తోక, "ఆ" అని. అంతా కలిపి రెండు ఊపిర్ల పాటు కూడా లేదు. ఆ రెండు ఊపిర్లు ఆగి ఉంటే అమ్మకు చోటు దొరికేది. దాన్ని ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. కుప్పంలో రెండేళ్ళు గొంతులు విని గీతలు గీసినదాన్ని, నా తొందరను నేను వినలేకపోయాను.

చైనాప్ప వెళ్ళిపోయేటప్పుడు యజమాని కారు ఎక్కుతూ నాతో ఏదో అన్నాడు. ఈసారి ఆగాను. తోక కూడా వచ్చింది. అంత ఆగీ ఆ మాటల్లో సగం నాకు తెలియలేదు. నెలన్నరకు దీపాలు వచ్చాయి, చిన్నవి, ఎర్రవి. అట్టపెట్టె ఆఫీసు గదిలో నా కుర్చీ పక్కనే ఉంది. యజమాని దాన్ని విప్పమనలేదు, పారెయ్యమనీ అనలేదు. ఎప్పుడైనా అడుగుదామని లేస్తాను. ఆ గది గడప దగ్గరే ఆగిపోతాను.

గూళ్ళు ఏరే చోటు షెడ్డు వెనక, రేకు కింద. అమ్మ నేల మీద కూర్చుని మచ్చపడినవి ఒకవైపు, మంచివి ఒకవైపు వేస్తుంది. పక్కన ఎవరూ ఉండరు. ఆ గొడవ జరిగిన ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, మధ్యాహ్నం అన్నం వేళ, అమ్మకు మజ్జిగ ఇద్దామని అటు పోయాను. దక్కనీ ఆమె టిఫిను డబ్బా తెచ్చుకుని అమ్మ పక్కన గూళ్ళ కుప్పకు ఆనుకుని కూర్చుని ఉంది. చెప్తోంది. కూతురికి బిడ్డ పుట్టిందట, ఎవరో చెప్తే తెలిసిందట, తనకు ఫోను కూడా చెయ్యలేదట. సగం తెలుగు, సగం ఉర్దూ. అమ్మ చేతులు ఆపి ఆమె ముఖమే చూస్తోంది. ఊ కొట్టడం లేదు. దాచాల్సిన అవసరం పోయింది కదా.

నేను ఉండబట్టలేకపోయాను. "చిన్నమ్మా, అమ్మకు వినపడదని తెలుసు కదా. మళ్ళీ ఎందుకు చెప్తావు?" అన్నాను.

ఆమె తల తిప్పి నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఇనపడేవాళ్ళకు సెప్పి సూసినాలే పాపా," అంది. మజ్జిగ చెంబు నా చేతిలోంచి తీసుకుని అమ్మకు ఇచ్చింది.